గూడెం మీద మా గెలుపు

పోయిన నెలలో ఒక కుర్రాయన నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. జిల్లాలో ఒకప్పటి ఫుట్‌బాల్ జట్ల గురించి చిన్న పుస్తకం వేస్తున్నారట. ఏ జట్టు ఏ జట్టుతో ఆడిందో, ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో ఊరూరా తిరిగి కనుక్కుని టైపు చేయించిన కాగితాలు సంచిలోంచి తీసి నా ముందు పెట్టాడు. "మీ నాన్నగారు ఏలూరు తమ్మిలేరు క్లబ్బుకి చాలాకాలం సెక్రటరీగా చేశారటగదండీ. మీరోసారి చూసి తప్పులుంటే చెబుతారని వచ్చానండి" అన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. భీమవరంతో, పెంటపాడుతో, చింతలపూడితో మావాళ్లు ఆడిన ఆటలన్నీ ఉన్నాయి. నాకు గుర్తున్నంతవరకు సరిగ్గానే ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గరికి వచ్చేసరికి ఒక వరసలో ఇలా ఉంది: 'గూడెం గెలుపు. ఏలూరు జట్టులో స్థానికుడు కాని ఆటగాడొకడు క్లబ్బును మోసగించి ఆడినందున.' నేను ఆ వరస మీద వేలు పెట్టాను.

"తప్పుందాండీ?" అని అడిగాడు ఆ కుర్రాయన.

"ఉంది బాబూ. ఆ ఆట గెలిచింది మేము. మోసం చేసింది కూడా మేమే. ఆ ఆటగాడు కాదు."

అతను పెన్ను మూత తీశాడు. కాని నేను చెప్పవలసింది ఒక వరసలో పట్టేది కాదు. నాలుగు రోజులు పోయాక రమ్మని పంపేసి, ఇది రాయడం మొదలుపెట్టాను.

మేము ఏలూరులో కాలవకి దగ్గరగా ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. సుబ్బారాయుడు మాస్టారంటే ఊళ్లో తెలియనివారు తక్కువ. ఆయనకి చిన్నప్పటినుంచి ఉబ్బసం. పరిగెత్తడం మాట అటుంచి, గబగబా నాలుగు మెట్లెక్కితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయేవారు. జీవితంలో ఒక్కసారి కూడా బంతి ఆడని మనిషి ఒక ఫుట్‌బాల్ క్లబ్బుని ఇంత ప్రాణంగా ఎలా చూసుకున్నారా అని అప్పట్లో నాకు వింతగా ఉండేది. ఆడలేకపోవడం వల్లే చూసుకున్నారని ఇప్పుడు అనిపిస్తుంది. ఆదివారం పొద్దున్నే వసారాలో చాప వేసుకుని కూర్చుని, బంతి తాళ్లు విప్పి, లోపలి రబ్బరు తిత్తిని బకెట్టు నీళ్లలో ముంచి ఎక్కడైనా బుడగ వస్తోందేమో చూసేవారు. సైకిలు పంపుతో గాలి కొట్టే పని నాది. ఆ తరువాత ఆయన గుడ్డ పీలికతో తోలుకి ఆముదం రాసేవారు, పసిపిల్లకి ఒళ్లు మర్దనా చేసినంత నెమ్మదిగా. మా ఇంట్లో మల్లెపూల వాసనా అగరొత్తుల వాసనా నాకు గుర్తులేవు. తడిసిన తోలు, ఆముదం, కుంకుడు రసం, వీటి వాసనే మా ఇంటి వాసన. కుంకుడు రసం అమ్మది. ఆట అయిన మర్నాడు బురద పట్టిన నీలం చొక్కాలన్నీ పెద్ద బానలో నానబెట్టి ఉతికి, పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన తాడు మీద వరసగా ఆరవేసేది. "పదకొండు మంది మొగపిల్లల్ని కన్నట్టుంది నా బతుకు" అనేది గాని, ఒక్క గుండీ ఊడినా సాయంత్రంలోగా కుట్టి పెట్టేది.

నాన్నగారి చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు. నాది గుండ్రంగా, ముత్యాల్లా ఉంటుందని బళ్లో అందరూ అనేవారు. అందుచేత నాకు తొమ్మిదో ఏడు వచ్చినప్పటినుంచి క్లబ్బు రాతపని అంతా నాదే అయింది. ఆటగాళ్ల రిజిస్టరు, లీగు కమిటీకి ఉత్తరాలు, అన్నిటికంటే నాకు ఇష్టమైన ఫలితాల పుస్తకం. ఒక్కో ఊరికి ఒక్కో పేజీ ఇచ్చాను. భీమవరం పేజీలో గెలుపులూ ఓటములూ కలిసి ఉండేవి. చింతలపూడి పేజీ మాకు సంతోషంగా ఉండేది; మెట్ట ప్రాంతం నుంచి బస్సులో ఒళ్లు హూనం చేసుకుని వచ్చేవాళ్లు పాపం, మొదటి సగంలోనే అలసిపోయేవారు. పెంటపాడు వాళ్లతో ఎప్పుడు ఆడినా సమమే. గూడెం పేజీ మాత్రం తెరవబుద్ధి అయ్యేది కాదు. పైనుంచి కిందదాకా నా అందమైన అక్షరాలతో 'ఓటమి, ఓటమి, ఓటమి' అని రాసి ఉండేది. ఆ ఆటల తరువాత నాన్నగారు రైల్లో కిటికీలోంచి చేల వంక చూస్తూ, ఏలూరు వచ్చేదాకా కూర్చునేవారు.

ఏడుకొండలు మా ఇంటికి రావడం ఆ పేజీ వల్లే. ఒక వేసవిలో నాన్నగారి స్నేహితుడి ఇంట్లో పెళ్లికని కొల్లేరు పక్క ఒక ఊరికి వెళ్లాం. నీళ్లు వెనక్కి తగ్గి, లంక చుట్టూ నేల ఎండి నెర్రెలు విచ్చి ఉంది. ఆ నేల మీద చేపలు పట్టుకునేవాళ్ల పిల్లలు, పెద్దలు కలిసి బంతాట ఆడుతున్నారు. గుడ్డలూ తాళ్లూ చుట్టి చేసిన బంతి అది. వాళ్లలో ఒక నల్లటి సన్నటి కుర్రవాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, నలుగురి మధ్యలోంచి బంతిని కాలికి అంటించుకున్నట్టుగా తీసుకుపోవడం నాన్నగారు చూశారు. పెళ్లి భోజనాలకి పిలుస్తున్నా కదల్లేదు. చివరికి ఆ కుర్రవాణ్ణి పిలిచి పేరు అడిగారు.

"ఏడుకొండలండి."

"అసలు బంతితో ఎప్పుడైనా ఆడావా?"

"చూడ్డమే చూళ్లేదండి."

"ఏలూరు వస్తావా?"

ఏడుకొండలు తల గోక్కుని, "మావులు ఎవరు చూత్తారండి?" అన్నాడు. నీళ్లలో చేపలకి పన్నే వెదురు బుట్టలవి. అన్నదమ్ములిద్దరికీ అదే బతుకు. నాన్నగారు ఆ కుర్రవాడి అన్నతో మాట్లాడారు. తమ స్కూల్లో అటెండరు ఉద్యోగం ఒకటి త్వరలో ఖాళీ అవుతుందని, అది ఇప్పిస్తానని, పట్నంలో ఒక దారి చూపిస్తానని చెప్పారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మనసులో మోసమేదీ లేదు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఇన్నేళ్లూ నన్ను కుదురుగా ఉండనివ్వనిది కూడా అదే. మొదటినుంచి చెడ్డవాడైన మనిషి మీద కోపం తెచ్చుకోవడం సులువు.

వానలు వెనకబట్టి లీగు మొదలయ్యే వేళకి ఏడుకొండలు వచ్చాడు. మామూలు రోజుల్లో లంకలోనే ఉండి, ఆట ముందురోజు దోనె మీద కొంతదూరం, నడిచి కొంతదూరం, బస్సు మీద కొంతదూరం ప్రయాణం చేసి మా ఇంటికి చేరేవాడు. చేతిలో తడిగుడ్డ చుట్టిన బుట్ట ఉండేది. అందులో కొర్రమేను ఇంకా కదులుతూ ఉండేది. "అమ్మగారూ, పులుసుకి బాగుంటదండి" అని బుట్ట వసారాలో దింపి, తాను మెట్టు మీద కూర్చునేవాడు. మొదట్లో అమ్మ అతనికి ఆ మెట్టు దగ్గరే విస్తరి వేసేది. నన్ను పాపగారండి అని పిలిచేవాడు. ఒకరికి నేను గారునవడం అదే మొదలు. చలికాలం వచ్చాక కాల్చిన తాటి తేగలు తెచ్చి, గోటితో చీల్చి, లోపలి లేత మొలకని, చందమామ అంటారు దాన్ని, జాగ్రత్తగా తీసి నాకే పెట్టేవాడు. "చదూకునేవోళ్లు తినాలండి ఇది. మాకెందుకండి బుర్ర" అనేవాడు.

లీగు నిబంధన ప్రకారం ఆటగాడు ఆ ఊళ్లో కాపురం ఉండాలి. రిజిస్టరులో అతని పేరు రాసిన రోజు నాన్నగారు కుర్చీలో వెనక్కి వాలి చెబుతూ, "నివాసం, తంగెళ్లమూడి, బంధువుల ఇల్లు" అన్నారు. తంగెళ్లమూడి మా ఊళ్లో ఒక పేట.

"అతనికి అక్కడ బంధువులున్నారా నాన్నగారూ?"

"ఎవరో ఒకరు ఉంటారులే అమ్మడూ, రాయి."

రాశాను. అదే రోజు లీగు వారి దరఖాస్తు మీద ఏడుకొండలు చేత వేలిముద్ర వేయించారు. అతనికి చదువు రాదు. ఒకటి పాడైతే మరొకటి పనికొస్తుందని, ఇంకో తెల్లకాగితం అడుగున కూడా వేయించారు. ఏడుకొండలు సిరా అంటిన బొటనవేలు లుంగీకి తుడుచుకుంటూ నవ్వి, "ఇంకేమన్నా ఏయాలాండి?" అని అడిగాడు.

ఆ ఏడు మా జట్టు ఆడిన తీరు చెబితే ఇప్పుడు గొప్పలు పోతున్నాననుకుంటారు. బూట్లు ఇస్తే రెండు అడుగులు వేసి విప్పేశాడు ఏడుకొండలు. వట్టి కాళ్లతోనే ఆడేవాడు. ఎప్పుడూ సమమయ్యే పెంటపాడుని వాళ్ల ఊళ్లోనే ఓడించాం. భీమవరాన్ని ఓడించాం. చివరికి గూడెం వాళ్లు మా ఊరు వచ్చారు. నేను నాన్నగారి పక్కన బెంచీ మీద కూర్చున్నాను, ఒళ్లో నిమ్మచెక్కల గిన్నె పెట్టుకుని. ఆడపిల్ల అక్కడేమిటని ఎవరూ అనేవారు కాదు, మాస్టారి అమ్మాయినని. ముందు గూడెం వాళ్లే గోలు కొట్టారు. సగం ఆట అయ్యాక ఏడుకొండలు ఒకటి కొట్టి సమం చేశాడు. ఇంకాసేపట్లో అయిపోతుందనగా, మధ్యలోనుంచి బంతి తీసుకుని బయల్దేరాడు. పొడుగాటి గూడెం గోలుకీపరు ముందుకి వచ్చాడు. ఏడుకొండలు ఆగినట్టే ఆగి, మడమతో బంతిని పక్కకి తోసి, అతన్ని చుట్టి వచ్చి, మెల్లగా, అక్కడ ఎవరూ లేనట్టుగా, లోపలికి దొర్లించాడు. జనం మైదానంలోకి ఉరికారు. నాన్నగారు లేవలేదు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుస్తూనే ఉన్నారు. ఆ సాయంత్రం అమ్మ ఎవరూ చెప్పకుండానే వంటింట్లో నాన్నగారి పక్కన పీట వేసి, "లోపలికి రా బాబూ" అని ఏడుకొండల్ని పిలిచింది. అతను గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే నాన్నగారే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. నేను భోజనం కూడా చేయకుండా గూడెం పేజీ తెరిచి 'గెలుపు' అని రాశాను. ఆ పేజీలో అది మొదటిది.

రెండు వారాలు గడవకముందే గూడెం వాళ్లు లీగు కమిటీకి ఫిర్యాదు పెట్టారు. ఆ ఆటగాడు ఏలూరు మనిషి కాడు, కొల్లేరు లంక మనిషి, తంగెళ్లమూడిలో అతనికి ఎవరూ లేరు, కావాలంటే విచారించుకోండని. అది నిజమే. కమిటీ నుంచి మాకు ఉత్తరం వచ్చింది. క్లబ్బు తెలిసి చేసిందని తేలితే క్లబ్బుని లీగులోంచి తీసివేస్తారు, సెక్రటరీని తొలగిస్తారు. ఆటగాడే అబద్ధం చెప్పి చేరాడని తేలితే ఆ ఒక్క ఆట గూడేనికి పోతుంది, ఆటగాణ్ణి బహిష్కరిస్తారు. నాన్నగారు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగారు. అన్నం సరిగా తినలేదు. దొంగరాతలు రాయించిన మాస్టారన్న మాట స్కూలు యాజమాన్యం చెవిన పడితే ఏమవుతుందో అన్న భయం కూడా ఉండే ఉంటుంది. నాతో ఆ మాట అనలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం, అమ్మ పెరట్లో ఉండగా, నన్ను పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. అడుగున ఏడుకొండలు వేలిముద్ర ఉంది. పైనంతా తెల్లగా ఉంది.

"నేను చెప్పేది రాయమ్మా" అన్నారు.

'నేను తంగెళ్లమూడిలో మా బంధువుల ఇంట్లో ఉంటున్నానని చెప్పి క్లబ్బులో చేరాను. సెక్రటరీ గారు నా మాట నమ్మి నన్ను చేర్చుకున్నారు. ఇందులో క్లబ్బు తప్పేమీ లేదు.' రెండు వాక్యాలు రాశాక నేను కలం ఆపాను.

"ఇది అబద్ధం కదా నాన్నగారూ?"

"ఏడుకొండలుతో మాట్లాడానమ్మా. వాడు ఒప్పుకున్నాడు. క్లబ్బు నిలబడాలంటే ఇదొక్కటే దారని వాడే అన్నాడు. ఒక ఏడాది ఆడడు, అంతే. పై ఏడు మళ్లీ వస్తాడు. నీ చేత ఎందుకు రాయిస్తానంటే, వాడు చెబుతుంటే నువ్వు రాశావంటే ఎవరికీ అనుమానం ఉండదు."

ఏడుకొండలు ఒప్పుకున్నాడంటే నాకు గర్వంగా అనిపించింది. అతను మా కోసం ఎంత పని చేస్తున్నాడోనని, మూడో వాక్యం ఇంకా అందంగా రాశాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. నాన్నగారు నాతో కూడా అబద్ధమాడతారని అప్పటికి నాకు తెలియదు.

విచారణ ఒక ఆదివారం పొద్దున్న గూడెంలో, ఒక బడి గదిలో పెట్టారు. ఏలూరు నుంచి పాసింజరు రైల్లో ముగ్గురం కలిసే వెళ్లాం. ఏడుకొండలు ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. నా మంచినీళ్ల కూజా తానే పట్టుకున్నాడు. దారిలో నాన్నగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఏడుకొండలు నా వైపు వంగి, "అక్కడ నన్నేమన్నా అడిగితే ఏం సెప్పాలో తెలవట్లేదండి పాపగారూ. మాస్టారేమో నువ్వు గమ్మునుండు, నే చూసుకుంటానన్నారండి" అన్నాడు. అది విన్నప్పుడైనా నాకు అర్థం కావలసింది. కాలేదు. అంతా మాట్లాడుకున్నారు కాబట్టే అలా అన్నారనుకున్నాను. స్టేషనులో దిగేసరికి మిల్లుల్లోంచి తవుడు వాసన ఊరంతా కమ్ముకుని ఉంది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నేను రైలు కిటికీ దించేస్తాను.

బల్ల వెనక ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన వయసు మళ్లిన ప్లీడరు గారు, మెత్తగా మాట్లాడే మనిషి. గూడెం సెక్రటరీ తన ఫిర్యాదు చదివారు. నాన్నగారు లేచి, జేబులోంచి కాగితం తీసి, "నేను నమ్మి మోసపోయానండి. అతను చెప్పిందే ఇందులో ఉంది, అతని వేలిముద్ర ఉంది" అన్నారు. ఆ మాటకి ఏడుకొండలు తలెత్తి నాన్నగారి వైపు చూశాడు. తనని కాదు, వెనకాల ఇంకెవరినో అంటున్నారేమోనన్నట్టు ఒకసారి వెనక్కి కూడా చూశాడు. అప్పుడు నాకు తెలిసింది, అతనితో ఎవరూ ఏమీ మాట్లాడలేదని.

ప్లీడరు గారు కాగితం పైకి చదివి, "రాత ఎవరిదండీ?" అని అడిగారు.

"మా అమ్మాయిదండి. అతను చెబుతుంటే రాసింది."

"ఇలా రామ్మా. భయపడకు. ఇది నువ్వే రాశావా?"

"అవునండి."

"ఇతను చెబితేనే రాశావా?"

నాన్నగారు నా వైపు చూడలేదు. బల్ల మీది సిరాబుడ్డి వంక చూస్తున్నారు. ఆయన ఊపిరి తీసుకోవడం నాకు వినిపిస్తోంది. ఉబ్బసం లేచే ముందు ఎలా ఉంటుందో అలా. కాదంటే ఆయన అక్కడే పడిపోతారేమో అనిపించింది.

"అవునండి" అన్నాను.

ప్లీడరు గారు ఏడుకొండలు వైపు తిరిగారు. "నువ్వేమంటావయ్యా? ఇది నువ్వు చెప్పిందేనా?"

ఏడుకొండలు నన్ను చూశాడు. కోపంగా కాదు. నేను దెబ్బ తగిలి పడిపోయినట్టు, లేవగలనో లేదో చూస్తున్నట్టు చూశాడు. తరువాత బల్ల వైపు తిరిగాడు.

"పాపగారు రాశారంటే నేను సెప్పే ఉంటానండి."

అంతటితో అయిపోయింది. ఆ ఆట గూడేనికి ఇచ్చారు. ఏడుకొండల్ని ఇక ఎప్పుడూ లీగులో ఆడకూడదని శాసించారు. ఒక ఏడాది కాదు. మా క్లబ్బు నిలిచింది. బయటికి వచ్చాక ఏడుకొండలు కూజా నా చేతికి ఇచ్చి, "ఎల్లొస్తానండి" అన్నాడు, మాస్టారికి కాదు, నాకు. నాన్నగారు "రైలు దాకా రా ఏడుకొండలూ" అన్నారు. అతను వినిపించుకోనట్టే బస్సులు ఆగే వైపు నడిచి వెళ్లిపోయాడు.

రైల్లో నేను నాన్నగారికి ఎదురు బెంచీ మీద కూర్చున్నాను. "వాడు ఒప్పుకున్నాడని చెప్పారు కదా" అన్నాను. ఆయన, "పదకొండు మంది పిల్లలున్నారమ్మా. ఒక్కడి కోసం అందర్నీ..." అని ఆగిపోయారు. నేను ఆ లెక్కలో ఎక్కడున్నానో అడగాలనుకున్నాను. అడగలేదు. ఇంటికి వచ్చి జరిగిందంతా అమ్మకి చెప్పాను. అమ్మ విని, పొయ్యి మీది గిన్నె దింపి, నాన్నగారి ఎదురుగా వెళ్లి నిలబడింది. "ఏవండీ, వాడికి ఈ ఇంట్లో అన్నం పెట్టానండి నేను" అంది. మర్నాడు చొక్కాల మూట కట్టి వసారాలో పెట్టి, ఇక మన ఇంట్లో ఉతకడం కుదరదని చెప్పేసింది. నేను ఫలితాల పుస్తకం ముట్టుకోలేదు. గూడెం పేజీలో నేను రాసిన 'గెలుపు'ని కొట్టివేసి నాన్నగారే 'ఓటమి' అని తన కోడిగీతల్లో రాసుకున్నారు. ఆ తరువాతి పేజీలన్నీ ఆయన రాతే. మరుసటి ఏడు మావాళ్లు లీగు గెలిచారు. ఊరేగింపు మా వీధిలోకి వచ్చినప్పుడు నేను లోపలి గదిలో ఉన్నాను.

అటెండరు ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది. ఆ తరువాత చాలా ఏళ్లు ఏ ఊరి జట్టూ లంకవాళ్లని చేర్చుకోలేదు. "వాళ్లని నమ్మకూడదండి, వేలిముద్ర వేసి కూడా అబద్ధమాడతారు" అని మా ఇంటికి వచ్చిన ఒక పెద్దమనిషి మా వసారాలోనే కూర్చుని అన్నాడు. నాన్నగారు వక్కపొడి నములుతూ విన్నారు. అమ్మ ఆ వచ్చినాయనకి కాఫీ పంపలేదు. ఇప్పటి పిల్లలకి అసలు ఈ జట్లే తెలియవు. మైదానంలో సగం ఇళ్లు లేచాయి, మిగతా సగంలో క్రికెట్టు ఆడుతున్నారు. కొల్లేటిలో ఏడుకొండలు వాళ్లు ఆడుకున్న ఎండిన నేల అంతా గట్లు పోసి చేపల చెరువులు చేశారు. ఎవరెవరో పైనుంచి వచ్చి చెరువులు తవ్వుకుంటే, లంకవాళ్లు వాటికి కాపలా కాస్తున్నారు. మనుషుల్ని వాడుకుని వదిలేయడం ఇప్పుడు ఎక్కువైందని మా ఈడువాళ్లు అంటుంటారు. నేను ఆ మాటకి తల ఊపను. అప్పుడు మర్యాదగా, అండీ అంటూ చేసేవాళ్లం. అంతే తేడా.

చెప్పవలసింది ఇంకొకటి ఉంది. దాన్ని ఇంతవరకు మా పిల్లలకి కూడా చెప్పలేదు. నేను టీచరునై, పెళ్లై, పిల్లలు పుట్టాక, ఒకసారి ఎన్నికల డ్యూటీ కొల్లేటి లంకలో పడింది. ఏడుకొండలు ఊరే. బ్యాలెట్ పెట్టెలు దోనెలో పెట్టుకుని వెళ్లాం. మధ్యాహ్నం ఓటర్లు పలచబడ్డాక అతను వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. ఒక కాలు ఈడుస్తున్నాడు. ఓటు వేసి, బయటికి పోబోతూ ఆగి, "పాపగారు కదండీ?" అన్నాడు. నేను లేచి అతనితో పాటు బడి అరుగు మీదికి వచ్చాను.

"నేను అప్పుడు కాదనాల్సిందండి" అన్నాను. అతనితో అండీ అనడం నాకు అదే మొదటిసారి.

"చిన్నపిల్లండి మీరు. మీదేముందండి" అని కాసేపు నీళ్ల వైపు చూసి, "మాస్టారున్నారాండి?" అని అడిగాడు.

"ఉన్నారు. మా ఇంట్లోనే. ఉబ్బసం బాగా ముదిరింది."

"నాకు కోపం లేదని సెప్పనండి. ఉందండి. ఆట పోయినందుకు కాదండి. రైల్లో పక్కన కూకుని కూడా సెప్పలేదండి. సెప్పుంటే నేనే ఒప్పుకుందునండి." చెయ్యెత్తి ముఖం తుడుచుకున్నాడు. "ఆయన్ని ఓసారి రమ్మనండి. రాలేకపోతే నన్ను రమ్మనండి, వత్తాను. ఎదురుగా కూకుని ఒక్క మాట అంటే పోద్దండి నాకు. ఆయనకీ పోద్దేమోనండి."

చెబుతానన్నాను.

ఇంటికి వచ్చేసరికి నాన్నగారు మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. అప్పటికి పడుకుంటే ఊపిరి ఆడేది కాదు ఆయనకి. ఏ ఊరు వేశారమ్మా అని అడిగారు. చెప్పాను. ఆయన చెయ్యి దుప్పటి మీద కదలడం ఆగిపోయింది.

"ఏడుకొండలు కనిపించాడా?"

"కనిపించాడు."

"ఏమన్నా అన్నాడా?"

అడుగుతున్నప్పుడు ఆయన నా ముఖం వైపే చూశారు. గూడెంలో చూడనందుకు ఇప్పుడు చూస్తున్నట్టుగా చూశారు. రమ్మన్నాడు నాన్నగారూ, అని ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది.

"ఏమీ అనలేదు నాన్నగారూ" అన్నాను.

ఆయన తల ఊపి గోడ వైపు తిరిగారు. నేను మందు గ్లాసు కడగడానికి పెరట్లోకి వెళ్లి, అవసరమైనదానికంటే ఎక్కువసేపు కడిగాను. ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. లంకకి కబురు పంపలేదు నేను.